చెంచా బోర్లించినా పడని ముద్ద

ఫౌస్తినాకి భయం పుట్టుకతోనే వచ్చింది. ఎవరైనా లారీ ఎక్కితే చాలు, ఆ లారీ లోయలో పడ్డట్టే ఆమెకి కనిపించేది. ఆకాశంలో చిన్న మబ్బుతునక తేలితే బంగాళాదుంప చేనంతా వడగళ్ళకి నేలపాలైనట్టే. మొగుడు నికనోర్ గొర్రెల వెనక కొండెక్కి కాస్త ఆలస్యంగా దిగితే, అప్పటికే ఆమె మనసులో అతనికి పెట్టె చేయించి, పూలు తెప్పించి, పాదిరీకి కబురు కూడా పెట్టేసేది. "నన్ను ఇప్పటికి ఎన్నిసార్లు పాతిపెట్టావే!" అని నికనోర్ నవ్వేవాడు. విన్నవాళ్ళూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది.

కిందటి జూలై నుంచి ఆ మాటకి ఎవరూ నవ్వడం లేదు.

ఆ ఎత్తుకొండల్లో జూలై అంటే నడి చలికాలం; పొద్దున లేచేసరికి నీళ్ళ తొట్టి గడ్డకట్టి ఉండే రోజుల్లో, వాళ్ళ పాప అనాలీ చనిపోయింది. తొమ్మిది నెలల పిల్ల. మొదట రొంప. తర్వాత రొమ్ములో గురగుర. తర్వాత ఏమీ లేదు. "రొంపే కదే, ఏ పిల్లకి రాదు?" అన్నారు అందరూ. ఫౌస్తినా ఒక్కతే భయపడింది. కానీ ఆమె ఎప్పుడూ భయపడుతూనే ఉంటుంది కాబట్టి ఆ భయాన్ని ఎవరూ లెక్కచెయ్యలేదు. ఆఖరికి ఆమె కూడా లెక్కచెయ్యలేదు.

అలాంటి మనిషి చేతుల్లో, మార్చి నెలలో వానలు వెనకబట్టాక, ఆడపడుచు దొమితీలా తన కొడుకుని తెచ్చి పెట్టింది.

దొమితీలాకి క్షయ. సముద్రం పక్కన పట్నంలో పెద్దాసుపత్రికి వెళ్ళాలి. మందు అయ్యేదాకా బిడ్డ దగ్గర ఉండకూడదన్నారు. ఆమె మొగుడు కూడా అక్కడే ఏదో పని చూసుకుని దగ్గరుంటానన్నాడు. కొడుకు ఎలీయోకి అప్పుడే ఆరో నెల. వీపు దుప్పటిలోంచి తీస్తే ఈకలు పీకిన పిట్టలా ఉన్నాడు. దొమితీలా నోటికి గుడ్డ కట్టుకుని, దూరంగా గుమ్మం దగ్గరే నిలబడి మాట్లాడింది.

"వదినా, బతికుంచు, చాలు. లావెక్కించక్కర్లేదు."

"నా చేతుల్లోనా డోమీ?" అంది ఫౌస్తినా. "నా చేతుల సంగతి తెలిసీ ఇస్తున్నావా?"

"నీకున్నంత భయం ఈ కొండల్లో ఎవరికీ లేదు. అందుకే ఇస్తున్నా."

లారీ వెళ్ళిపోయింది. మలుపు దగ్గర అది లోయలోకి ఒరిగినట్టు ఫౌస్తినాకి ఎప్పటిలాగే కనిపించింది. ఒరగలేదు. పిల్లాడు ఆమె మెడ వంపులో ముక్కు పెట్టి, కొత్త వాసనకి ఏడుపు అందుకున్నాడు.

ఆ రోజు నుంచి ఫౌస్తినాకి ఒకటే ధ్యాస. వీడు బతకాలి. వాళ్ళమ్మ వచ్చేదాకా బతకాలి.

ఆరోగ్య కేంద్రం వాళ్ళు డబ్బాపాలు ఇచ్చారు. కానీ ఆరో నెల వచ్చింది కాబట్టి నోటికి తిండి కూడా అలవాటు చెయ్యాలి. ఆ పని అత్తగారు జెనోబియాది. పుకాపంప ఊళ్ళో పసిబిడ్డలకి తేట తీయడంలో ఆమెకి పేరుంది. బాలింతలు పళ్ళెంలో గుడ్లు పెట్టుకుని వచ్చి మరీ అడిగేవాళ్ళు, "జెనోబియమ్మా, మా వాడి మొదటి తేట నీ చేత్తో తియ్యవూ" అని.

పొద్దున్నే కోడిని కోసి కుండలో పడేసేది. బంగాళాదుంపలు, కారెట్టు, ఉల్లికాడలు, కాస్త బార్లీ. కట్టెల పొయ్యి మీద మధ్యాహ్నం దాకా మరగాలి. దుంపలు వాటంతట అవే విడిపోతుంటే దించి, పిండిసంచి గుడ్డని రెండు మడతలు వేసి వడకట్టేది. ఒక్క నార దిగకూడదు, ఒక్క పలుకు దిగకూడదు. కిందికి దిగిన బంగారు రంగు నీళ్ళు పసుపు ఎనామిల్ కప్పులో పోసి బిడ్డకి. గుడ్డలో మిగిలిన మాంసమూ దుంపలూ పెద్దవాళ్ళకి.

"సారమంతా నీళ్ళలోకే దిగిపోతుందే పిల్లా. మనం తినేది వట్టి పిప్పి," అనేది జెనోబియా. పళ్ళు రాని కడుపులో గట్టి తిండి పడితే పేగుకి అతుక్కుని రాయి కడుతుందని ఆమెకి వాళ్ళమ్మ చెప్పింది. వాళ్ళమ్మకి వాళ్ళమ్మ. అందుకే ఆ ఊళ్ళో తేట ఎంత తేటగా ఉంటే తల్లి అంత మంచిది.

అనాలీ అదే తాగింది. కప్పు నిండా తాగి, కడుపు డోలులా చేసుకుని, కాసేపు పడుకునేది. లేచి ఏడ్చేది. మళ్ళీ కప్పు. ఇప్పుడు ఎలీయో కూడా అదే కప్పులో తాగి, అలాగే పడుకుని, అలాగే లేచి ఏడుస్తున్నాడు. ఏడుపు కూడా అదే ఏడుపు, సన్నగా, తెగిపోయే దారంలా. పొయ్యి దగ్గర కూర్చున్న ఫౌస్తినాకి ఆ ఏడుపు వింటుంటే వీపు చల్లబడేది.

"అత్తా, వీడికి ఆకలేస్తోందేమో."

"ఇప్పుడే కదే కప్పు తాగాడు! నీకు కొంగు కదిలినా భయమే."

ఏప్రిల్‌లో ఆరోగ్య కేంద్రంలోకి కొత్త నర్సమ్మాయి వచ్చింది. రొసౌరా అని, లోయలో ఊరు. పాలు తాగే బిడ్డలున్న ఆడవాళ్ళందరూ ఊరి హాలుకి రావాలని, తలా ఒక చెంచా తెచ్చుకోవాలని కబురు పెట్టింది. ఫౌస్తినా ఎలీయోని వీపున కట్టుకుని వెళ్ళింది. హాలు నిండా ఆడవాళ్ళు, తడి ఉన్ని వాసన, పిల్లల ఏడుపులు. బయటి కుక్కలు కూడా లోపలే ఉన్నాయి.

రొసౌరా బల్ల మీద రెండు గిన్నెలు పెట్టింది. ఒక గిన్నెలో తేట. చెంచాతో తీసి, అందరికీ చూపించి, బోర్లించింది. తేట నేల మీద పడింది. కుక్క వచ్చి నాకేసి వెళ్ళిపోయింది.

రెండో గిన్నెలో ఉడికిన బంగాళాదుంప వేసి మెదిపింది. గుడ్డు పచ్చసొన చిదిపి కలిపింది. జున్నుగడ్డ పొడి చేసి చల్లింది. లోయలో పండే పాల్తా పండు, వెన్నలా మెత్తగా ఉన్నది, గుజ్జు తీసి వేసింది. ఆఖరున ఒక చెంచా నూనె. బాగా కలిపి చెంచాతో తీసి బోర్లించింది. ముద్ద చెంచాని పట్టుకునే ఉంది.

"పడిందా?"

"పడలేదు."

"బిడ్డకి పెట్టేది ఇలా ఉండాలి."

ముందు వరసలో కూర్చున్న బసీలియా నోరు ఊరుకోదు. "అమ్మో, ఇదేం ముద్దే తల్లీ! బిడ్డకి పెట్టమంటావా, పొయ్యి మెత్తమంటావా?"

హాలంతా ఘొల్లుమంది. రొసౌరా కూడా నవ్వింది.

"సరే బసీలియక్కా, మీ ఆయన దున్నడానికి వెళ్ళేముందు ఏం పెడతావు?"

"దుంపలు. జున్నుగడ్డ. ఉంటే మాంసం."

"రేపు ఒక్కరోజు తేట పోసి పంపు."

"పోస్తే ఆ కుండ నా నెత్తినేసి పగలగొడతాడు!"

"మరి ఇంట్లో పెరిగేది ఎవరు? మీ ఆయనా, నీ బిడ్డా?"

"మా ఆయనా పెరుగుతున్నాడులే, పక్కకి!"

మళ్ళీ నవ్వులు. ఫౌస్తినా నవ్వలేదు. ఆమె నేల మీద తడి మరకని చూస్తోంది.

రొసౌరా దగ్గర్లో ఉన్న ఒక పిల్లాడి పిడికిలి పట్టుకుని పైకెత్తింది. "వీడి కడుపు ఇంత. ఈ పిడికిలంత. ఆ కాస్త చోటూ నీళ్ళతో నింపేస్తే తిండి ఎక్కడ పడుతుంది? తేట తాగగానే ఏడుపు మానేస్తారు, అవునా? మానేది ఆకలి తీరి కాదక్కా. లోపల చోటు లేక. ఆ నీళ్ళు దిగిపోగానే మళ్ళీ ఏడుస్తారు. అందుకే కొంచెం తిండిలోనే ఎక్కువ బలం ఉండాలి. ఒక చెంచా నూనె వేస్తే గిన్నె పెరగదు, బలం పెరుగుతుంది. పాల్తా అంతే. పచ్చసొన అంతే."

ఫౌస్తినా చెయ్యెత్తింది. హాల్లో చెయ్యెత్తడం ఆమె జీవితంలో అదే మొదలు.

"మంచి కోడైతే? ముసలి కోడి, బాగా కొవ్వు పట్టింది. పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా మరిగిస్తే? కట్టెల పొయ్యి మీద?"

"ఎంత మరిగించినా నీళ్ళు నీళ్ళేనక్కా. రుచి దిగుతుంది, వాసన దిగుతుంది. బలం మాత్రం గుడ్డలోనే ఉండిపోతుంది."

నవ్వులు ఆగిపోయాయి. రొసౌరా ఊరికి కొత్త, అనాలీ సంగతి ఆమెకి తెలియదు. మిగతా అందరికీ తెలుసు. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. బసీలియా గబుక్కున లేచి, "ఏయ్ పిల్లా, ఆ పాల్తా ముక్క ఇలా ఇవ్వు, మా వాడు నీ ముద్ద తింటాడో నీ మొహాన ఉమ్ముతాడో చూద్దాం" అని గోల మొదలెట్టింది. అంత నోరున్న మనిషి, కూర్చోబోతూ ఫౌస్తినా భుజం మీద ఒక్క క్షణం చెయ్యి వేసి తీసేసింది.

ఆ చెయ్యి పడ్డాకే ఫౌస్తినాకి అర్థమైంది. అందరికీ ఒక్కసారే తెలిసిపోయిందని.

ఇంటికి వెళ్ళే దారిలో ఆమెకి గుడ్డలో మిగిలినవే కళ్ళముందు తిరిగాయి. కోడి తొడ. నికనోర్ దాన్ని తీసి ఎప్పుడూ ఆమె పళ్ళెంలోనే వేసేవాడు, "పాలిచ్చేదానివి, తిను" అని. ఆమె తినేది. పక్కనే దుప్పటిలో అనాలీ కడుపునిండా నీళ్ళతో పడుకుని ఉండేది. లారీ పడుతుందని భయపడింది, వడగళ్ళు పడతాయని భయపడింది, దిష్టి తగులుతుందని మణికట్టుకి ఎర్రదారం కట్టింది. భయపడాల్సిన ఒక్కదానికి మాత్రం భయపడలేదు. ఆ ఒక్కటీ పసుపు కప్పులో పోసి, ఊది చల్లార్చి, ముద్దుపెట్టి మరీ తాగించింది.

ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి దుంప ఉడకేసింది.

జెనోబియా చూసి నెత్తి కొట్టుకుంది. "ఏమే, బుద్ధుందా? ఆ గోడమట్టి వాడి గొంతులో కుక్కుతావా? రేపు కడుపులో రాయి కడితే ఎవరే జవాబు చెప్పేది?"

"నర్సు చెప్పింది అత్తా. పెట్టకపోతే ఇంటికొచ్చి అరుస్తుంది."

"ఆ పిల్లకి ఎంతమంది పిల్లలు?"

"ఇంకా పెళ్ళి కాలేదు."

"చూశావా! నేను ఎనిమిది మందిని కన్నాను. నాకు నేర్పుతుందా?"

ఫౌస్తినా నాలుక చివరిదాకా వచ్చింది మాట. ఎనిమిది మందిలో ముగ్గురు కదా అత్తా మిగిలింది? మింగేసింది. ఎందుకంటే ఆ మాట వెనకే ఇంకో మాట ఉంది. తనకి ఒక్క బిడ్డ. ఒక్కదానికే ఈ పొద్దుట్నించి నేల కాళ్ళకింద నిలవడం లేదు. ఈ ముసలామెకి ఐదుగురు. అనాలీ కోసం ఆ తేట తీసినప్పుడల్లా గుడ్డ పిండి పిండి చేతులు కాల్చుకున్న మనిషి. ఇప్పుడు, ఈ వయసులో, ఆమె చేతిలో ఆ లెక్క పెట్టి ఏం సాధించాలి?

చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నికనోర్‌కి కూడా.

ముద్ద మాత్రం రోజూ చేసింది. మొదట్లో ప్రతి చెంచాకీ ప్రాణం పోయి వచ్చేది. గొంతుకి అడ్డం పడుతుందేమో. అత్త చెప్పినట్టు రాయి కడుతుందేమో. పిల్లాడు పడుకుంటే ముక్కు కింద వేలు పెట్టి చూసేది, కడుపు నొక్కి చూసేది. నూనె ఒక చెంచా. కోడి కోసిన రోజు కార్జం మెదిపి. పెట్ట గుడ్డు పెట్టగానే వేడివేడిగా తెచ్చి ఉడకేసి, పచ్చసొన వాడికి, తెల్లసొన నికనోర్‌కి. లోయ నుంచి లారీ వచ్చిన రోజున పాల్తా కోసం అందరికంటే ముందు నిలబడేది. కోడి కూర మాత్రం ఆమె ఇక నోట పెట్టలేదు. "నాకు పడటం లేదు" అనేది.

పిల్లాడు పిట్టపిల్లలా నోరు తెరవడం నేర్చుకున్నాడు. తిన్నాక నిద్రపోయాడు, లేచి ఏడవలేదు, నవ్వాడు. జూన్‌కల్లా వాడి మణికట్టు దగ్గర దారం కట్టినట్టు మడత పడింది. తర్వాత తొడల మీద. తర్వాత మెడ కింద. స్నానం చేయించేటప్పుడు ఆ మడతల్లో వేలు దూర్చి తుడవాల్సి వచ్చేది. అనాలీకి ఎక్కడా ఏ మడతా ఉండేది కాదు, తుడవడం ఎంత తేలికో.

అదీ ఆమెకి పడ్డ శిక్ష. వాడు ఒళ్ళు చేసినకొద్దీ సంతోషం వచ్చేది. ఆ సంతోషంతో పాటే, వద్దన్నా, ఆ తలపు కూడా వచ్చేది. ఒక చెంచా నూనె, ఒక పచ్చసొన. ఇంట్లో లేనివి కావు. పెట్టలు ఉన్నాయి, దుంపలు ఉన్నాయి, నూనె సీసా గూట్లోనే ఉంది.

"దూడరా వీడు!" అని నికనోర్ ఎగరేసి పట్టుకునేవాడు. ఒకరోజు పిల్లాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, "నీ చేతిలో ఏదో ఉందే ఫౌస్తినా. వాణ్ణి ఎలా చేశావో చూడు," అన్నాడు.

"ఉంటే అప్పుడేమైంది?"

అతని మొహం మారిపోయింది. "అది దేవుడు తీసుకెళ్ళాడే. మనమేం చేస్తాం?"

ఆమె గిన్నె కడుగుతూ ఉండిపోయింది.

అక్టోబర్‌లో దొమితీలా వచ్చింది. మందు అయిపోయింది, దగ్గు పోయింది. పట్నం చెప్పులు, పట్నం జడ. లారీ దిగి పరుగెత్తుకుంటూ వచ్చి, పిల్లాణ్ణి చూసి గుర్తుపట్టలేక ఆగిపోయింది.

"వదినా, వీడేనా?"

చేతులు చాచింది. ఎలీయో ఆమెని ఒకసారి చూసి, ఫౌస్తినా మెడలో మొహం దాచుకుని ఊరంతా వినబడేలా ఏడ్చాడు.

"నేనే రా మీ అమ్మని," అంది దొమితీలా. నవ్వుతూనే అంది, కళ్ళు కారుతున్నాయి.

వాడి వేళ్ళు జాకెట్టు పట్టుకుని వదలడం లేదు. వాటిని ఒక్కొక్కటీ విడదీసి ఇవ్వాల్సింది తనే అని ఫౌస్తినాకి తెలుసు. తెలిసినా, వాణ్ణి ఇంకాస్త దగ్గరికి నొక్కుకుంది. దేవుడా, వీణ్ణి ఉండనీ, అని ఒక్క క్షణం అనుకుంది. అనుకున్నందుకు లెంపలేసుకుంది. దొమితీలా అత్తవారి ఊరు రెండు కొండల అవతల. ఈ వారం చివర లారీలో వెళ్ళిపోతారు.

మర్నాడు పిల్లాడికి ముక్కు కారడం మొదలైంది.

మామూలు రొంపే. ఫౌస్తినా మాత్రం వాడి రొమ్ముకి చెవి ఆనించి, గురగుర ఉందేమోనని విన్నది. వాడు ముద్ద వద్దని మొహం తిప్పుకుంటున్నాడు. దొమితీలా చూసి, "పాపం, రొంపలో ఏం తింటాడొదినా," అంది. లోపలికి కేకేసింది. "అమ్మా! నీ తేట పెట్టవూ? నీ చేతి తేట తాగే కదా మేమంతా పెరిగాం."

ఇన్ని నెలల్లో ఎవరూ అడగని మాట. జెనోబియా మొహం వెలిగిపోయింది. కోడలు పక్కన పెట్టేసిన తేటని కూతురు అడిగింది. మోకాళ్ళ నొప్పి కూడా మర్చిపోయి లేచింది. కోడిని తనే కోసింది, కుండ ఎక్కించింది, గూట్లోంచి పిండిసంచి గుడ్డ తీసి దులిపింది.

"నీకూ నేర్పిస్తాలేవే. ఊరెళ్ళాక ఆ ముద్దలూ గిద్దలూ పెట్టకు. రోజూ రెండు పూటలా తేట పొయ్యి. ఎలా నిగనిగలాడతాడో చూడు."

"నేర్పమ్మా," అంది దొమితీలా.

ఫౌస్తినా గుమ్మం దగ్గర నిలబడి ఉంది. రెండు కొండల అవతల ఒక ఇల్లు కనిపించింది. అందులో పొయ్యి. పొయ్యి పక్క కప్పు. వాడి మణికట్టు మీద మడత నెమ్మదిగా విప్పుకుపోయి చదునైపోవడం కనిపించింది. ఆమెకి ఎప్పుడూ ఏవేవో కనిపిస్తుంటాయి, నిజమే. కానీ ఆ కప్పు ఏం చేస్తుందో ఆమె ఒకసారి చూసింది.

"వద్దు," అంది.

"ఏంటొదినా?"

"వాడికి తేట వద్దు. ఇవాళా వద్దు, ఎప్పుడూ వద్దు."

దొమితీలా మొహం బిగుసుకుంది. నిన్నట్నించి కొడుకు తన దగ్గరికి రాని బాధ ఆమెకి ఉండనే ఉంది. "వాడు నా కొడుకొదినా. పెంచావు, నీ కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటా. కానీ నీ బిడ్డ కాదు."

"తెలుసు. నా బిడ్డ కొండమీద ఉంది." కుండకేసి చూసింది. "తేట తాగి వెళ్ళింది డోమీ. రోజూ పోశాను. అది ఏడుపు మానేస్తే కడుపు నిండిందనుకున్నాను. నిండింది నీళ్ళతో. లోపల ఏమీ లేక, రొంపకే పోయింది. మాంసం మేం తిన్నాం. గుడ్డలో మిగిలిందంతా, దాని వాటా అంతా, పక్కన కూర్చుని నేను తిన్నాను."

పొయ్యి మీద కుండ మూత టకటకమంటోంది. ఎవరూ దాన్ని ఎత్తలేదు.

జెనోబియా చేతిలో గుడ్డ అలాగే ఉంది. "నీకెప్పుడు తెలుసే ఈ సంగతి?"

"హాల్లో చూపించిన రోజు."

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

ఫౌస్తినా నేలకేసి చూసింది. ముసలామె ఆమెనే చూస్తూ ఉండిపోయింది. చూస్తూ చూస్తూ, కోడలు ఎందుకు చెప్పలేదో ఆమెకి అర్థమైపోయింది. పీట మీద మెల్లగా కూర్చుంది. గుడ్డ ఒళ్ళో పరుచుకుంది. వేళ్ళు మడుస్తూ గొణిగింది.

"హిలారియో. పౌలినా. మార్త. గ్రెగోరియో. ఇంకో హిలారియో."

"అత్తా, అందరూ దానివల్లే కాదు. పొంగు పోసి ఎవరో పోయారన్నావు కదా..."

"ఎవరికి తెలుసే?"

దొమితీలా వచ్చి తల్లి పక్కన కూలబడింది. "అమ్మా, నేను బతికాను కదే. నేనూ తేటే కదా తాగాను."

జెనోబియా కూతురి మొహం చేత్తో తడిమింది. "నువ్వు పాకుతూ వెళ్ళి కుండలో చెయ్యి పెట్టేదానివి. దొంగతనంగా దుంపలు తినేదానివి. కడుపులో రాయి కడుతుందని నిన్ను కొట్టేదాన్ని. మీ అన్నలూ అంతే. ఎంత కొట్టినా మానేవాళ్ళు కాదు." ఆగింది. "మిగతావాళ్ళు చెప్పిన మాట వినేవాళ్ళు."

అప్పుడు ఏడ్చింది ముసలామె. చప్పుడు లేకుండా, గుడ్డలో మొహం పెట్టుకుని. కాసేపటికి తలెత్తి ఫౌస్తినాతో అంది:

"అనాలీకి పోసింది నువ్వు కాదే. వడకట్టింది నేను. నా మీద వేసుకోనీ దాన్ని. నీకింకా చాలా బతుకుంది."

ఫౌస్తినా వెళ్ళి ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. ఇద్దరిలో ఎవరి మీద వేసినా దిగిపోయేది కాదది. ఇద్దరికీ తెలుసు.

కుండ దించింది దొమితీలా. ఏం చెయ్యాలో తోచక నిలబడితే, ఫౌస్తినా లేచి మాంసం పోగులు తీసి సన్నగా నూరింది. దుంప మెదిపింది. నూనె. రొంప కాబట్టి కాస్త పల్చగా, కానీ చెంచా మీద నిలిచేలా. "చెంచా కొసన కొంచెమే పెట్టు డోమీ. దగ్గితే ఆగు. ఊపిరి తీసుకోనీ. మళ్ళీ పెట్టు. మానెయ్యకు."

చెంచా దొమితీలాకి ఇచ్చింది. పిల్లాడు ఫౌస్తినాని చూస్తూ, నోరు తెరవకుండా, ఆమెవైపే చేతులు చాపుతున్నాడు. ఆమె కనబడుతున్నంతసేపూ వాడు తల్లి చేత్తో తినడు. ఫౌస్తినా లేచి బయటికి వెళ్ళి, తలుపు వెనక గోడకి ఆనుకుని నిలబడింది. లోపల ఏడుపు. చాలాసేపు ఏడుపు. తర్వాత వెక్కిళ్ళు. తర్వాత దొమితీలా గొంతు, "ఆ... అదీ... నా తండ్రే... ఇంకోటి..."

ఆమె గోడ వదలలేదు, లోపలికి తొంగి చూడలేదు.

రొంప తగ్గింది. లారీ వచ్చింది. అప్పటికి ఎలీయో తల్లి జడ పట్టుకు లాగడం నేర్చుకున్నాడు. ఫౌస్తినా నూనె సీసా ఒకటి, గుడ్లు గడ్డిలో చుట్టి కొన్ని, వాడి చెంచా మూటకట్టి ఇచ్చింది.

"లావెక్కించక్కర్లేదన్నాను కదొదినా," అంది దొమితీలా. నవ్వబోయి, వదినని కావలించుకుని, వదల్లేకపోయింది.

వీపు దుప్పటిలోంచి పిల్లాడు ఫౌస్తినాని చూశాడు. ఆమె కూడా ఎక్కుతుందనుకున్నాడు. లారీ కదిలాక అర్థమైంది వాడికి. ఆ ఏడుపు మొదటి మలుపు దాకా వినబడింది. లారీ ఆ మలుపులో ఒరిగింది, లోయలో పడింది, రెండో మలుపులో మళ్ళీ పడింది, మూడో మలుపులోనూ. ఫౌస్తినా కళ్ళు తుడుచుకుని చూసేసరికి ప్రతిసారీ రోడ్డు మీదే పోతోంది, చిన్నదవుతూ.

నవంబర్ మొదటి రోజు పోయినవాళ్ళ పండగ, ఆ రోజు చనిపోయిన పిల్లలు ఇళ్ళకి వస్తారు. మధ్యాహ్నానికల్లా వాళ్ళకిష్టమైనవి బల్ల మీద సిద్ధంగా ఉండాలి. కిందటేడు అనాలీ కోసం బల్ల మీద బిడ్డ ఆకారంలో చేసిన రొట్టె పెట్టారు, పూలు పెట్టారు, పసుపు ఎనామిల్ కప్పులో తేట పోశారు. దానికి తెలిసిన తిండి అదొక్కటే.

ఈ ఏడు ఫౌస్తినా పొద్దున్నే దుంప ఉడకేసింది. మెదిపింది. పచ్చసొన చిదిపింది. జున్నుగడ్డ, పాల్తా గుజ్జు. నికనోర్ గుమ్మంలో నిలబడి చూశాడు. ఆడవాళ్ళు అతనికి ఏం చెప్పారో ఏమో, అప్పటికి తెలుసతనికి. ఏమీ అడగకుండా బయటికి వెళ్ళి, వాకిట్లో పువ్వుల రేకులతో దారి వెయ్యడం మొదలుపెట్టాడు, పాప తప్పిపోకుండా.

ఆమె నూనె ఒక చెంచా వేసి కలుపుతుంటే, జెనోబియా మెల్లగా వచ్చి పక్కన కూర్చుంది. చేతిలో గిన్నెలు. చిన్నవి. ఐదు. బల్ల మీద వరసగా పెట్టింది. ఇన్నేళ్ళూ ఆ పిల్లల కోసం ఆమె పెట్టింది తేటే.

గిన్నెలోకి తొంగి చూసింది ముసలామె.

"ఇంకొంచెం నూనె వెయ్యవే పిల్లా," అంది. "వాళ్ళు చాలా దూరం నుంచి వస్తారు."

ఫౌస్తినా వేసింది. కలిపింది. చెంచాతో తీసి, బోర్లించి పట్టుకుంది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. పడలేదు.